జాబితాను పుటలో అతుకుట
సభ్యుల పట్టికలు, ధరల పట్టికలు అచ్చు వేయించు సంఘముల వారికి

సంఘమన్న తరువాత జాబితా తప్పదు. సభ్యుల జాబితా, చందాల జాబితా, నూలు ధరల పట్టిక, వధూవరుల పరిచయ పుస్తకము, ఉత్సవమునాటి విరాళముల పట్టిక - ఏదో యొకటి ఏటేట అచ్చునకు పోవుచునే యుండును. ఈ జాబితాలు ఇప్పుడు చాలచోట్ల కంప్యూటరులో ఎక్సెలు పట్టికలుగా ఉన్నవి. అయినను పుస్తకము వేయునపుడు మనవారు చేయుచున్న పని యేమి? ఆ పట్టికను కాగితముపై తీసి, డి.టి.పి. దుకాణమునకు పట్టుకొనిపోయి, అక్కడి కుఱ్ఱవానిచేత మొదటినుండి మరల కొట్టించుచున్నారు. ఎనిమిది వందల పేర్లున్న పుస్తకమైనచో ఎనిమిది వందల పేర్లు, ఎనిమిది వందల ఫోను నంబర్లు మరల కొట్టవలసినదే. కొట్టిన ప్రతిసారి క్రొత్త తప్పులు. దిద్దిన ప్రతిసారి మరికొన్ని. ఒకసారి కొట్టినదానిని రెండవసారి కొట్టనేల అని చదువరులలో కొందరడుగుచున్నారు. కొట్టనక్కరలేదు. ఎక్సెలులోని పట్టికను పుటలు కూర్చు సాఫ్ట్‌వేరులోనికి నేరుగా తెచ్చుకొను మార్గమున్నది. దానినే ఈ వ్యాసమున వివరింపనెంచితిమి.

ఇది డి.టి.పి. వారి సౌకర్యమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. నేడు ప్రభుత్వ సహాయము చాలవరకు చేతికి రాదు, బ్యాంకు ఖాతాకు వచ్చును. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన నేతన్న నేస్తము పథకమున సొంత మగ్గమున్న కుటుంబమునకు ఏటికి 24,000 రూపాయలు ఖాతాలోనే వేసిరి. ఇట్టి పథకములకు సంఘములు పంపు జాబితాలో ఒక అంకె మారెనా, ఆ ఇంటి సొమ్ము వెనుకకు పోవును. కానిచో మరియొకరి ఖాతాలో పడును. ఇక పరిచయ పుస్తకము సంగతి చెప్పనే అక్కరలేదు. పట్టికలో ఒక గడి క్రిందికి జరిగినచో ఒక పిల్ల చదువు, ఉద్యోగము, ఫోను నంబరు వేఱొక పిల్ల పేరు ప్రక్కన చేరును. ఆ పుస్తకము వేయి ఇండ్లకు పోయిన తరువాత సవరణ పత్రము అంటించి ప్రయోజనమేమి?

నాందేడు వారికి ఈ చిక్కు ఇంకొక మడత ఎక్కువ. 1948 వరకు మనది నిజాము రాజ్యము. కచేరీలలో ఉర్దూ నడిచెను. 1956 నవంబరు 1న జిల్లా బొంబాయి రాష్ట్రములో చేరినది. 1960 మే 1న మహారాష్ట్రమైనది. అందుచే తాతల కాగితములు కొన్ని ఉర్దూలో, తండ్రుల బడి పత్రములు మరాఠీలో, ఇంటి మాట తెలుగులో, బ్యాంకు పుస్తకము ఇంగ్లీషులో ఉన్న కుటుంబములు మనలో లేకపోలేదు. మనిషి ఒక్కడే, వ్రాత నాలుగు విధములు. దీనికి తోడు ఈ ప్రాంతమున తెలుగు ఇంటిపేర్లకు 'వార్' అను తోక చేరినది. తెలుగులో గుండా అని వ్రాసికొన్న ఇల్లే మరాఠీ కాగితములో గుండావార్ అగును. భివండికిని, షోలాపూరుకును వలస పోయిన అన్నదమ్ములలో ఒకడు తోకతోను, ఒకడు తోక లేకయు ఉండుట వింత కాదు. పేరును బట్టి మనిషిని గుర్తించు యంత్రమునకు వీరిద్దరు వేరు వేరు వంశములవారే!

కనుక మొదట చేయవలసిన పని ప్రతి సభ్యునికి ఒక సంఖ్య ఇచ్చుట. ఒకసారి ఇచ్చిన సంఖ్య మారరాదు; సభ్యుడు గతించినను ఆ సంఖ్యను మరియొకరికి ఇయ్యరాదు. తెలుగు పేరు ఒక నిలువువరుసలో, మరాఠీ పేరు ఒక నిలువువరుసలో, బ్యాంకులో ఉన్న ఇంగ్లీషు పేరు ఇంకొక నిలువువరుసలో ఉంచుకొని, మూడింటికిని ఆ సంఖ్యనే ఆధారము చేసికొనవలెను.

పూర్వము సీసపు అక్షరముల కాలమున పట్టికలు కూర్చుట కంపోజిటరులకు పెద్ద తలనొప్పి. గడికి గడికి నడుమ ఇత్తడి రూళ్లు కోసి పెట్టవలెను. అందుకే ప్రెస్సులవారు పట్టికల పనికి మామూలు పుటకంటె హెచ్చు కూలి అడిగెడివారు. 1985లో పేజ్‌మేకరు వచ్చి పుటలు కూర్చు పని బల్లమీది కంప్యూటరునకు దిగినది గాని, పట్టికల కష్టము అంతటితో తీరలేదు. పేజ్‌మేకరు పుటలో పట్టికయే లేదు. వేఱొక చిన్న ప్రోగ్రాములో గీసి తెచ్చి అంటింపవలసి యుండెను. ఇన్‌డిజైను 1999లో వచ్చినది. 2002 నాటి రెండవ కూర్పునుండి దానిలో పట్టిక పుటలోనే అమరినది. అప్పటినుండియే మనము చెప్పబోవు పని సులువైనది.

ఈ పని ఎట్టిదో మన భాషలోనే చెప్పుకొందము. అచ్చు అతుకుట మన ఇండ్లలో తెలియనివారుండరు. నేసిన బట్టను కోసి తీసిన తరువాత పాత పడుగు కొసలను అచ్చులో అట్లే ఉంచి, క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వానికి మెలివేసి అతుకుదుము. అచ్చు మారదు, మగ్గము అమరిక మారదు. పడుగు మాత్రము క్రొత్తది. (మనకు రెండు అచ్చులు - మగ్గపుటచ్చు ఒకటి, ప్రెస్సు అచ్చు ఒకటి. ఇక్కడ రెండును ఒకే మాటలోనికి వచ్చుట మంచిదే అయినది.) పుటలో పట్టిక గీతలు, గడుల వెడల్పు, అక్షరముల పరిమాణము మగ్గముపై అమరిక వంటివి. ఎక్సెలు జాబితా క్రొత్త పడుగు. ఏటేట జాబితా మారినను అమరికను చెరుపక, క్రొత్త జాబితాను పాత అమరికకు అతుకవలెను. అతుకునపుడు ఒక పోగు తప్పి ప్రక్క సందులో పడెనా, అక్కడినుండి అన్నియు ఒక సందు జరుగును. తప్పు ఒకచోట, దోషము బట్ట పొడుగున. జాబితా విషయమున జరుగునదియు ఇదియే.

జాబితాను ముందు సరిచేయుట

పడుగు చిక్కుపడి యుండగా అతుకువాడు లేడు. జాబితాలో ఒక అడ్డవరుస ఒక మనిషిది, ఒక నిలువువరుస ఒక్క విషయముది కావలెను. ఊరు, తాలూకా, పిన్‌కోడు మూడు వేరు విషయములు. మూడు వేరు నిలువువరుసలు. మనవారు చూపునకు అందముగా ఉండునని ధర్మాబాదు అను మాటను ఒకసారి వ్రాసి, దాని క్రింది పదునైదు గడులను కలిపి ఒకటి చేయుదురు. లేదా పై విధముగానే అని రెండు చుక్కలు పెట్టుదురు. కాగితముపై అది చెల్లును. కంప్యూటరు ఆ జాబితాను అక్షరక్రమములో పేర్చిన మరుక్షణమున ఆ చుక్కలు దేనిక్రింద పడునో దేవునికే ఎఱుక. బిలోలి వాడు ధర్మాబాదు వాడగును. ప్రతి గడిలోను పూర్తి మాట ఉండవలెను. మధ్యలో ఖాళీ వరుసలు, సంఘము పేరుతో పెద్ద శీర్షికలు, రంగులు ఉండరాదు. అలంకారమంతయు పుటలో చేసికొనవచ్చును.

ఇప్పుడు మన వృత్తికి సంబంధించిన ఒక విచిత్రము. నూలు ధరల పట్టికలో 2/80 అని వ్రాయవలసి వచ్చును. 80 నెంబరు పోగులు రెండు కలిపి పురిపెట్టిన నూలని మనకు తెలియును. ఎక్సెలునకు తెలియదు. గడిలో 2/80 కొట్టి ఎంటరు నొక్కగానే అది 1980వ సంవత్సరము ఫిబ్రవరి అని తలచి ఫిబ్-80 అని చూపును. 2/60 అనిన ఫిబ్-60. సరే, తప్పు కనబడినది గదా అని ఆ గడిని అక్షరముల గడిగా మార్చిన యెడల 2/80 తిరిగి రాదు. 29252 అను అంకె ప్రత్యక్షమగును. ఎక్సెలు తేదీలను 1900వ సంవత్సరారంభమునుండి దినములు లెక్కించి దాచును. 1980 ఫిబ్రవరి ఒకటవ తేదీ దాని లెక్కలో 29252వ దినము. అట్టి ధరల పట్టికను తిరిగి చూడక పుటలోనికి తెచ్చినచో 29252 నెంబరు నూలు కావలెనని ఎవరైన అడుగవచ్చును!

ఇది మనకొక్కరికి వచ్చిన కష్టము కాదు. మనుష్య శరీరములోని జన్యువులకు శాస్త్రజ్ఞులు పెట్టిన కొన్ని సంక్షిప్త నామములు ఇంగ్లీషులో మార్చి, సెప్టెంబరు నెలల పేర్లను పోలి యుండెను. ఎక్సెలు వానిని తేదీలుగా మార్చివేసెను. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో, ఎక్సెలు జాబితాలు జతచేసిన జన్యుశాస్త్ర వ్యాసములను పరిశీలింపగా సుమారు అయిదింట ఒక వంతులో ఇట్టి తప్పులున్నట్లు తేలినది. తుదకు 2020లో జన్యువుల పేర్లు నిర్ణయించు సంస్థ ఆ పేర్లనే మార్చుకొనవలసి వచ్చినది. శాస్త్రజ్ఞులు పేర్లు మార్చుకొనగలిగిరి. మనము నూలు నెంబర్లను మార్చుకొనలేము గదా!

ఇంతకంటె ప్రమాదకరమైనవి ఖాతా సంఖ్యలు. సున్నాతో మొదలగు సంఖ్యను కొట్టిన ఎక్సెలు ఆ సున్నాను మ్రింగివేయును. లెక్కలో ముందున్న సున్నాకు విలువ లేదని దాని వాదము. పదునొకండంకెలు దాటినచో సంఖ్యను కుదించి, మధ్య దశాంశ బిందువు, చివర ఇంగ్లీషు 'ఇ' అక్షరము పెట్టి చూపును. పదునైదు అంకెలకు మించిన సంఖ్యను అది పూర్తిగా జ్ఞాపకముంచుకొనలేదు; పదునారవ అంకెను సున్నా చేయును. పదునారంకెల ఖాతాలిచ్చు బ్యాంకులు కలవు. ఆ ఖాతాదారుని చివరి అంకె ఎవరికిని తెలియకుండ సున్నా అయిపోవును. పోయిన అంకెను ఎక్సెలు నుండి మరల రాబట్టుట అసాధ్యము. బ్యాంకు పుస్తకము తెరచి చూచుకొనవలసినదే.

నివారణ సులభము, కాని కొట్టుటకు ముందే చేయవలెను. నూలు నెంబరు, ఖాతా, ఫోను, పిన్‌కోడు, సభ్యత్వ సంఖ్య - కూడికలు తీసివేతలు అక్కరలేని ప్రతి నిలువువరుసను ఎంచుకొని, దాని రకమును 'టెక్స్ట్' అని మార్చి, అటుపిమ్మట కొట్టవలెను. ఇతరులు పంపిన జాబితా అయినచో దానిని నేరుగా తెరువక, డేటా అను మెనూ ద్వారా లోనికి తీసికొనుచు ప్రతి నిలువువరుసకు టెక్స్ట్ అని చెప్పవలెను. మున్సున్నాలను, పెద్ద అంకెలను తనంత తాను మార్చకుండ ఆపు మీటను ఎక్సెలు వారు 2023లో ఇచ్చిరి. కాని డి.టి.పి. దుకాణములలో నడుచునవి చాల పాత కూర్పులు. ఆ మీటను నమ్ముకొనరాదు.

కామాయా, టాబా?

ఒక సాఫ్ట్‌వేరునుండి మరియొకదానికి జాబితాను పంపుటకు అందరికి తెలిసిన వాహనము సి.యస్.వి. అను రకము. గడికి గడికి నడుమ ఒక కామా, వరుసకు వరుసకు నడుమ ఒక క్రొత్త పంక్తి, అంతే. దాని నియమములను 2005లో ఒక పత్రముగా వ్రాసిపెట్టిరి. అందులో ఒక నియమము ముఖ్యమైనది: గడిలోనే కామా ఉన్న యెడల ఆ గడి మొత్తమును కొటేషను గుర్తుల నడుమ ఉంచవలెను. మన ధరలలో 1,850 అని కామా ఉండును. మన చిరునామాలలో ఇత్వారా, నాందేడు అని కామా ఉండును. కొటేషను గుర్తులను గౌరవించు ప్రోగ్రాములో చిక్కు లేదు. కాని ఇన్‌డిజైనులో అక్షరములను పట్టికగా మార్చు ఆజ్ఞ ఆ గుర్తులను లెక్కచేయదు. కామా కనబడినచోటనెల్ల కోసివేయును. 1,850 రూపాయల చీర ఒక గడిలో 1, తరువాతి గడిలో 850 అగును. అక్కడినుండి ఆ వరుస అంతయు ఒక గడి కుడికి జరుగును. సందు తప్పిన పోగన్న మాట.

అందుచే కామా కంటె టాబు మేలని మా అభిప్రాయము. పేరులోగాని చిరునామాలోగాని టాబు గుర్తును ఎవరును వ్రాయరు. ఎక్సెలులో 'యూనికోడ్ టెక్స్ట్' అను రకముగా దాచినచో గడుల నడుమ టాబులే వచ్చును, తెలుగు అక్షరములును చెడవు. వట్టి సి.యస్.వి. గా దాచిన తెలుగు పేర్లన్నియు వరుసగా ప్రశ్నార్థకములై నిలుచును. 2016 తరువాతి ఎక్సెలులలో సి.యస్.వి. యు.టి.ఎఫ్-8 అను రకమును వేరుగా ఎంచుకొన్ననే అక్షరము నిలుచును.

తెలుగు అక్షరముల కష్టము

ఇక్కడ కొంచెము నిలువవలసి యున్నది. తెలుగు డి.టి.పి. దుకాణములలో ఇన్నేండ్లుగా వాడుచున్నవి అను ఫాంట్లు. మహారాష్ట్రమున మరాఠీకి శ్రీలిపి. ఇవి పుట్టిననాటికి కంప్యూటరులో భారతీయ అక్షరములకు తగిన తావు లేదు. అందుచే ఇంగ్లీషు అక్షరముల అరలలోనే తెలుగు ముక్కలను పెట్టి అచ్చు తీసిరి. చూపునకు క అని కనబడును, లోపల నున్నది మాత్రము వేఱొక గుర్తు. 1991లో వచ్చిన యూనికోడులో తెలుగునకు ప్రత్యేకముగా అరలు కేటాయించిరి. మన ఫోనులో కొట్టు తెలుగు, ఎక్సెలులో ఉండు తెలుగు యూనికోడే. పేజ్‌మేకరునకు యూనికోడు రాదు. కనుక ఎక్సెలులోని తెలుగు జాబితాను పేజ్‌మేకరులో అను ఫాంటుతో తెచ్చిన ప్రశ్నార్థకములో, పిచ్చి గుర్తులో వచ్చును. దుకాణమువారు మరల కొట్టుదుమనుటకు అసలు కారణమిది. వారి సోమరితనము కాదు.

మార్పిడి చేయు చిన్న ప్రోగ్రాములు దొరకును గాని, మార్చిన తరువాత ఒత్తులను, అరుదైన సంయుక్తాక్షరములను ఒక్కొక్కటిగా చూడవలెను. అంతకంటె యూనికోడు చదువగల సాఫ్ట్‌వేరునకు మారుట ఉత్తమము. ఇన్‌డిజైనులో పేరాగ్రాఫు అమరికలందు 'వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్' అనుదానిని ఎంచుకొనవలెను. అది లేనిచో పద్మశాలిలోని 'ద్మ' విడిపోయి, ద క్రింద మ ఒత్తు కూర్చుండక ప్రక్కప్రక్కన నిలుచును. స్క్రైబసు అను మరియొక సాఫ్ట్‌వేరున్నది. దానికి వెల లేదు. 2017 నాటి ప్రయోగ కూర్పుతో దానికి భారతీయ లిపులను సరిగా కూర్చు శక్తి వచ్చినది; 2024 జనవరిలో వెలువడిన 1.6 కూర్పులో అది స్థిరపడినది. చిన్న సంఘములకు ఇది చాలును. ఫాంట్లలో పోతన, మండలి, రామరాజ మొదలగునవి యూనికోడువే, వెల లేనివే.

పుటలోనికి తెచ్చుట

ఇన్‌డిజైనులో రెండు త్రోవలున్నవి. పుస్తకము ఒక్కసారి వేసి విడిచిపెట్టునదైనచో టాబులతో దాచిన ఫైలును తీసికొనవలెను. ఫైల్ మెనూలో ప్లేస్ నొక్కి, 'షో ఇంపోర్ట్ ఆప్షన్స్' అను చోట గుర్తు పెట్టి, అక్షరముల రకము వద్ద యూనికోడును ఎంచుకొనవలెను. షిఫ్ట్ మీటను నొక్కిపట్టి పుటపై క్లిక్ చేసిన జాబితా ఎన్ని పుటలు కావలెనో అన్ని పుటలకు తానే ప్రాకును. తరువాత అంతయు ఎంచుకొని, టేబుల్ మెనూలో 'కన్వర్ట్ టెక్స్ట్ టు టేబుల్' నొక్కి, నిలువువరుసలకు టాబు, అడ్డవరుసలకు పేరాగ్రాఫు అని చెప్పినచో పట్టిక సిద్ధము. మొదటి వరుసను హెడరుగా మార్చిన పేరు, ఊరు, ఫోను అను శీర్షికలు ప్రతి పుట తలపైన వానంతట అవే వచ్చును.

ఏటేట వేయు పుస్తకమైనచో రెండవ త్రోవ మేలు. ఎక్సెలు ఫైలునే నేరుగా ప్లేస్ చేయవలెను. ఏ షీటు, ఏ గడినుండి ఏ గడివరకు అని అది అడుగును. పట్టికను 'అన్‌ఫార్మాటెడ్ టేబుల్'గా తెమ్మనవలెను. ఎక్సెలులోని రంగులు, గీతలు మనకక్కరలేదు. ముందుగా ప్రిఫరెన్సులలో ఫైల్ హ్యాండ్లింగు అను చోట స్ప్రెడ్‌షీటులకు లంకెలు పెట్టుమని చెప్పియుంచినచో పుటకును ఎక్సెలు ఫైలునకును ముడి పడును. ఎక్సెలులో ఒక ఫోను నంబరు మార్చిన, లంకెల పలకలో పసుపు పచ్చని హెచ్చరిక కనబడును. నొక్కినచో పుటలో క్రొత్త నంబరు వచ్చును. అతికిన అచ్చు ఇదియే.

అయితే ఇక్కడ ఒక కట్టుబాటు ఉన్నది. లంకె పెట్టిన తరువాత పుటలో చేతితో ఏ అంకెనైనను, ఏ పేరునైనను దిద్దరాదు. ప్రూఫు చూచు పెద్దలు పుటలో తప్పు కనిపెట్టుదురు. కుఱ్ఱవాడు అక్కడనే దిద్దును. మరునాడు లంకెను నవీకరింపగానే పాత తప్పు తిరిగివచ్చును. సవరణ ఎక్సెలులో జరుగవలెను, పుటకు దిగిరావలెను. అట్లే పుటలో గడిగడికి చేతితో చేసిన అలంకారము నవీకరణలో పోవుట కలదు. కనుక పట్టికకు, గడికి, పేరాగ్రాఫునకు స్టైలులు ముందే చేసి పేర్లు పెట్టి ఉంచుకొన్నచో మరల అంటించుట నిమిషముల పని.

ఫోటోతో కూడిన వధూవరుల పుస్తకమునకు పట్టిక తగదు; ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న పెట్టె కావలెను. దానికి 'డేటా మెర్జ్' అను సాధనమున్నది. ఒక పెట్టెను అమర్చి చూపిన మిగిలినవారికి అదే నమూనాలో తానే నింపును. ఫోటో ఫైలు పేరున్న నిలువువరుస శీర్షికకు ముందు @ గుర్తు ఉండవలెను. ఎక్సెలు ఆ గుర్తును చూచి తప్పని అఱచును. దానికి ముందు ఒక అపాస్ట్రఫీ పెట్టిన ఊరకుండును.

ఎక్స్.ఎం.ఎల్. అను మరియొక పద్ధతిని గూర్చి కొందరు వినియుందురు. 1998లో స్థిరపడినది. ఇందులో ప్రతి విషయమునకు ముందును వెనుకను దాని పేరు చెప్పు గుర్తులుండును; ఇది ధర, ఇది కొలత, ఇది నూలు నెంబరు అని డేటాయే తన్ను తాను చెప్పుకొనును. వేలకొలది రకముల వస్త్రములను ఒకే కోశమునుండి ధరల పుస్తకమునకును, చీరకు కట్టు చీటికిని, అమ్మకపు కేంద్రమునకును పంపు పెద్ద సంస్థలకు ఇది తగును. మన సంఘముల పరిమాణమునకు ఎక్సెలు చాలును. లేని బరువు నెత్తికెత్తుకొననక్కరలేదు.

ఈ అడ్డు నిలువు వరుసల విద్యకు మన మగ్గముతో చుట్టరికము కలదు. 1804లో ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మేరీ జకార్డు రూపొందించిన మగ్గమున రంధ్రములు పొడిచిన అట్టలే పోగులకు ఆజ్ఞలు. అమెరికాలో హెర్మన్ హోలరిత్ అట్టి రంధ్రముల అట్టలతోనే 1890 నాటి జనాభా లెక్కలను యంత్రముచే లెక్కింపజేసెను. మన దేశమున 2019-20 నాటి నాలుగవ చేనేత గణనలో తేలిన 35,22,512 మంది పనివారును అట్టి పట్టికలో ఒక్కొక్క అడ్డవరుసగా నిలిచినవారే.

ఎఱ్ఱ చుక్క

పట్టిక వచ్చిన తరువాత గడుల అడుగున చిన్న ఎఱ్ఱ చుక్క కనబడిన ఉపేక్షింపరాదు. గడిలో పట్టని అక్షరములు దాగియున్నవని దాని అర్థము. తెరపై చుక్కయైన కనబడును. అచ్చులో ఆ చుక్కయు ఉండదు, ఆ అక్షరములును ఉండవు. గడి వెడల్పు చాలక ఫోను నంబరు మొత్తము మాయమగుటకు వీలున్నది. చూచువాడు ఆ సభ్యునికి ఫోను లేదనుకొనును. అడ్డవరుస ఎత్తును ఖచ్చితముగా ఇంత అని బిగింపక, కనీసము ఇంత అని చెప్పినచో తెలుగు పేర్ల ఒత్తులకు చోటు దొరకును. ప్రెస్సుకు పంపుటకు ముందు ప్రీఫ్లైటు అను పరీక్షను నడపిన దాగిన అక్షరములెక్కడ ఉన్నవో జాబితాగా చూపును.

అటుపైన మన లెక్కల పుస్తకపు పద్ధతియే. ఎక్సెలులో ఎన్ని అడ్డవరుసలున్నవో పుటలోను అన్నియే ఉండవలెను. మగ్గముల సంఖ్య, చందా మొత్తము వంటి అంకెలను రెండు చోట్ల కూడి చూడవలెను. మొత్తము కలియనిచో ఎక్కడనో గడి జరిగినది. ఖాతా సంఖ్యలను కూడి ప్రయోజనము లేదు. వానిని ఇద్దరు కూర్చుండి, ఒకరు బ్యాంకు పుస్తకము చూచి చదువుచుండగా మరియొకరు గుర్తు పెట్టుకొనవలెను. మన ఇండ్లలో పదవ తరగతి చదువుచున్న పిల్లలే ఈ పనిని పెద్దలకంటె చక్కగా చేయుదురు.

అన్ని నిలువువరుసలను పుస్తకములోనికి తేనక్కరలేదను మాట మరువరాదు. ఖాతా, ఆధారు సంఖ్యలు ప్రభుత్వమునకు పంపు ఫైలులో ఉండవలసినవి, ఇంటింటికి పంచు పుస్తకములో ఉండవలసినవి కావు. ఆధారు సంఖ్యను బహిరంగముగా ప్రకటించుటను 2016 నాటి ఆధార్ చట్టము 29వ సెక్షను నిషేధించుచున్నది. వీనిని పట్టిక చివరి నిలువువరుసలలో ఉంచి, ప్లేస్ చేయునపుడు అంతకు ముందు గడివరకే తెమ్మని చెప్పిన చాలును. పరిచయ పుస్తకమున ఆడపిల్ల సొంత ఫోను నంబరు బదులు తండ్రిదో, మేనమామదో వేయుట మంచిది.

ఎక్సెలు ఫైలు ఎన్ని ప్రతులున్నను దిద్దుబాట్లకు ఒక్కటియే ఉండవలెను. అది ఎవరి వద్ద నున్నదో కార్యవర్గమునకు తెలిసియుండవలెను. ప్రెస్సుకు పంపిన దినమున ఆ ఫైలునకు తేదీతో పేరు పెట్టి ఒక నకలును వేరుగా భద్రపరుపవలెను. చిరునామాగాని, ఫోనుగాని మారినవారు సవరణను కాగితముపై వ్రాసి పంపునపుడు పేరుతోబాటు తమ సభ్యత్వ సంఖ్యను కూడ తప్పక వ్రాయవలెను. వార్ తోక ఉన్నదా లేదా అను తగవు అప్పుడుండదు.